తప్పు లేని నోటుబుక్కు

వెంకటవ్వను నీ వయసెంత అని అడిగితే "కట్ట మీద పదహారు" అంటుంది. బీడీల కట్టకు ఇరవై ఐదు బీడీలు, అంటే నలభై ఒకటి. వంద అంటే ఆమెకు నాలుగు కట్టలు. వెయ్యి అంటే నలభై కట్టలు. ఒకటో తరగతి పూర్తి కాకముందే పుట్టిన ఊరు మోస్రాలో వాళ్ళమ్మ పక్కన ఒళ్లో చాట పెట్టుకుని కూర్చున్న మనిషి. ఆమెకు వచ్చిన లెక్కలన్నీ ఆ చాటలోవే.

నేను మూడో తరగతి దాకా చదివాను. బోధన్‌లో మా గల్లీలో నా ఈడు ఆడవాళ్ళలో వేలిముద్ర కాకుండా సంతకం పెట్టేది నేనొక్కదాన్నే. అందుకే ఎవరింటికి ఏ కాగితం వచ్చినా ముందు నా గడప తొక్కుతుంది. ఇది గొప్పకు చెబుతున్నానని అనుకుంటే అనుకోండి, గొప్పే. కానీ ఈ సంగతి చెప్పాలంటే అది కూడా చెప్పాలి. ఎందుకంటే వెంకటవ్వ బిడ్డ పదో తరగతి లెక్కలు సగం ఏడాది చెడిపోవడానికి కారణం నా సలహా.

వెంకటవ్వ పొడుగు తక్కువ, మాట ఇంకా తక్కువ. భర్త కృష్ణ భీవండిలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేస్తాడు, దసరాకు వచ్చి పోతాడు. ఫోనులో కూడా వాళ్ళిద్దరూ "తిన్నవా" అంటే "తిన్న" అనుకుని పెట్టేస్తారు. ఒక్కతే బిడ్డ, నిఖిత. పొద్దున ఆకు కత్తిరించడం, పగలంతా చుట్టడం, సాయంత్రం కట్టలు కట్టి కార్ఖానాకు మోయడం, ఇదీ వెంకటవ్వ బతుకు. ఇందులో చెప్పుకోవలసిందేమీ లేదని ఆమే అంటుంది. ఒక్క అలవాటు మాత్రం ఉంది.

కార్ఖానాలో మేం తెచ్చిన బీడీలను ఏరేవాణ్ణి చాటన్ అంటాం. వదులుగా చుట్టినవి, ఆకు చిరిగినవి, మూతి సరిగా ముడవనివి తీసి అవతల పడేస్తాడు. వాటికి బదులు మళ్ళీ చేసివ్వాలి. మా చాటన్ ముత్తన్న చేతికి దయ లేదు, నోటికి మర్యాద లేదు. నాకూ అతనికీ జగడం కాని రోజు లేదు. వెంకటవ్వ జగడమాడదు. అతను పడేసిన బీడీలను కొంగులో ఏరుకుని ఇంటికి తెచ్చుకుంటుంది. ఆ చెత్త ఎందుకే మోసుకొస్తావని ఒకసారి అడిగాను. ఏడ చెడిందో చూస్తానని చెప్పి, ఒక్కొక్కటి విప్పుకుంటూ కూర్చుంది. గల్లీలో అందరికంటే తక్కువ బీడీలు పోయేది ఆమెవే. ముత్తన్నకు ఆమెంటే పక్షపాతమని నేను ఊరంతా చెప్పాను.

నిఖితకు లెక్కలు తప్ప అన్నీ వచ్చు. తెలుగు చదివితే వినబుద్ధవుతుంది, సైన్సు బొమ్మలు వేస్తే చూడబుద్ధవుతుంది. లెక్కల పుస్తకం తెరిస్తే మాత్రం జ్వరం వచ్చినదానిలా ముఖం పెడుతుంది. తొమ్మిదో తరగతిలో మిగతా వాటికి ఏ వన్ వస్తే లెక్కలకు సీ టూ వచ్చింది. అప్పటికింకా ఏడాది చివరి ఫలితాల్లో మార్కులు చెప్పేవాళ్ళు కాదు, గ్రేడ్లే. ఆ పిల్లకు బాసర ట్రిపుల్ ఐటీలో చదవాలని ఆశ. మళ్ళీ పరీక్ష లేకుండా పదో తరగతి గ్రేడ్లు చూసి సీటిస్తారు, అక్కడే ఉంచి ఆరేళ్ళు చదివిస్తారు. జూన్‌లో బడిలో తల్లిదండ్రులను పిలిచినప్పుడు లెక్కల సురేందర్ సార్ మొహమాటం లేకుండా చెప్పేశాడు. మిగతావన్నీ పిల్ల తెస్తుంది, లెక్కల్లో ఏ వన్ రాకపోతే బాసర మాట మరిచిపోవాలని.

ఆ సాయంత్రమే వెంకటవ్వ నా దగ్గరికి వచ్చింది. ఏం చేయాలి పెద్దవ్వా అని అడిగింది. అడగడమే చాలు నాకు.

"నీకు వెయ్యి చేసుడు ఎట్ల వచ్చింది?" అన్నాను. "దినాం వెయ్యి చేస్తెనే గద. లెక్కలు సుత గంతే. రోజుకు వంద చెయ్యమను. వంద అయినంకనే అన్నం పెట్టు."

వెంకటవ్వ నాలుగు కట్టలా అంది. అలవాటైతే నాలుగు కట్టలు ఒక లెక్కనా అని కసిరాను. మా గల్లీలో పని అంటే కట్టలే. ఎన్ని కట్టలు అన్నదే మాకు తెలిసిన కొలత. చదువుకు కూడా అదే కొలత పెట్టాం.

మరుసటి రోజు నుంచి షురూ అయింది. నిఖిత బడి నుంచి వచ్చి కూర్చుంటే లేవడం లేదు. సాయంత్రం వెంకటవ్వ చాట పక్కన పెట్టి నోటుబుక్కు తీసుకునేది. అక్షరం రాదు కాబట్టి ఒక్కో లెక్క కింద గీసిన గీతను లెక్కపెట్టేది. ఇరవై ఐదు గీతలకు ఒక ఆకు ముక్క పేజీలో పెట్టేది. నాలుగు ముక్కలు పడితే పళ్ళెంలో అన్నం పడేది. దసరా పోయేసరికి ఆరు నోటుబుక్కులు నిండాయి. ఆ రాత చూస్తే ముత్యాలు గుచ్చినట్టు ఉండేది. నేను వాటిని వెనకింటి పెంటవ్వకు చూపించి, నీ మనుమరాలు హర్షిణి చేస్తుందా ఇట్లా అని పొడిచి వచ్చాను. నిఖిత కళ్ళ కింద నలుపు వచ్చింది. చదువంటే అంతేనని ఆ నలుపును కూడా మెచ్చుకున్నాను.

అర్ధ సంవత్సరం పరీక్షలో లెక్కలకు ఎనభైకి ఇరవై తొమ్మిది వచ్చాయి.

సురేందర్ సార్‌కే అర్థం కాలేదట. నోటుబుక్కు చూస్తే క్లాసు ఫస్టు, పేపరు చూస్తే పాసు కావడమే గగనం అని నెత్తి పట్టుకున్నాడట. నేను ఏమన్నానో రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. నూటయాభై చేయమన్నాను.

వెంకటవ్వ ఆరు నోటుబుక్కులూ తెచ్చి అరుగు మీద పరిచింది. మొదటి దాని మొదటి పేజీ నుంచి ఒక్కొక్కటీ తిప్పడం మొదలుపెట్టింది. బీడీలకు తునికాకు ఏరేటప్పుడు వెలుగుకు ఎత్తి పట్టి రంధ్రం ఉందా చిరుగుందా అని ఎలా చూస్తుందో అలాగే చూసింది. నిఖిత గోడకు ఆనుకుని గోళ్ళు కొరుక్కుంటోంది. ఒక పుస్తకం అయింది, రెండోది అయింది. చదువు రాని మనిషి ఏం చూస్తోందో నాకు తెలియలేదు. మూడోది సగంలో ఆగింది.

"బిడ్డా, ఇండ్ల కొట్టేసినయి ఏవి?" అంది.

"లేవమ్మ. అన్ని కరెక్టే."

"ముప్పై ఏండ్లసంది చేస్తున్న, నావి వెయ్యికి ముప్పై పోతయి. పెద్దవ్వయి యాభై పోతయి." నా ముందే అంది. మింగి ఊరుకున్నాను. "నువ్వు మొన్న షురూ చేసినవ్. ఒక్కటి సుత పోలేదా?"

వెంకటవ్వ పేజీ మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. నేను ఏదో అనబోతే కళ్ళతోనే ఆపింది. ఆ పిల్ల ముక్కు తుడుచుకుని చెప్పింది.

"గైడు సూసి రాసినమ్మ. వంద ఎట్లైతయి? ఒక్కోదానికి పావుగంట పడ్తది. చేతగాకుంటె అర్ధగంట. వంద కాకుంటె నువ్వు అన్నం తినవు."

ఆ చివరి మాట నాకు అప్పటిదాకా తెలియదు. బిడ్డకు అన్నం ఆపమని నేను చెబితే, వంద పూర్తయ్యేదాకా తల్లి కూడా ముద్ద ముట్టలేదట. ఆ పిల్ల దొంగరాత రాసింది తన ఆకలికి కాదు, తల్లి ఆకలికి.

వెంకటవ్వ తిట్టలేదు. గైడు చూడకుండా రోజుకు ఎన్ని చేయగలవని అడిగింది. పది అని, మళ్ళీ ఎనిమిది అంది పిల్ల.

"అట్లనే ఎనిమిది చెయ్యి."

నాకు ఒళ్ళు మండింది. మనోళ్ళు నవ్వుతారే, ఎనిమిదికి బాసర వస్తదా, ఒక్క కుడుము పెట్టి అయిదు వరాలు అడిగినట్టుంది అన్నాను. వెంకటవ్వ లోపలికి పోయి గైడు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"గిది నీ కాడ ఉండని పెద్దవ్వా. ఎనిమిది అయినంక నీ ఇంటికొచ్చి సరి సూసుకుంటది. అంతకుముందు అడిగితె ఇయ్యకు."

అలా నేను ఆ గైడుకు కాపలాదారునయ్యాను. మాటకు ముందు కోపం వచ్చినా, పని ఒప్పుకున్నాక నేను తప్పను. గైడును నా ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేశాను.

మొదటి రోజు ఎనిమిదింటిలో అయిదు తప్పాయి. నిఖిత నా గుమ్మంలోనే కూర్చుని ఏడ్చింది. తల్లికి చూపించనంటుంది. నేనే వెంటబెట్టుకుని తీసుకుపోయాను. వెంకటవ్వ ఆ అయిదూ ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించమంది. తర్వాత ఒక్కొక్కటి ఏడ చెడిందని అడిగింది. పిల్ల ముందు "రాదు" అని ఒకే మాట అంది. రాకపోవడం ఒక రకం కాదు, బీడీ కూడా ఒకే రకంగా చెడదు అని వెంకటవ్వ వదల్లేదు. గంట కూర్చోబెట్టి విప్పించింది. ఒకటి ఎలా మొదలుపెట్టాలో అసలు తెలియలేదు. ఒకటి ప్రశ్నలో పదహారుంటే అరవై ఒకటి అని ఎక్కించుకుంది. మిగతా మూడూ దారి సరిగ్గానే పోయి, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు అంకెను తీసుకుపోయేటప్పుడు మైనస్ మార్చడం మరిచిపోయింది.

కట్టలు కట్టే దారం ఇంట్లో మూడు రంగులది ఉంది. వెంకటవ్వ సూది తీసి, తప్పిన లెక్క పక్కన అంచుకు రంధ్రం చేసి దారం ముడేసింది. దారి తెలియనిదానికి తెల్లది, తొందరలో చెడినదానికి పచ్చది, మైనస్ తప్పినదానికి ఎర్రది. మరునాడు పొద్దుగాల నిన్నటి రాత చూడకుండా అదే లెక్క మళ్ళీ చేయాలి. సరిగ్గా వస్తే దారం కత్తిరిస్తుంది. రాకపోతే దారం అలాగే ఉంటుంది, ఎల్లుండి మళ్ళీ చేయాలి. ఇది అయ్యాకే కొత్త ఎనిమిది.

నెల తిరిగేసరికి ఆ నోటుబుక్కు అంచున దారాలు కుచ్చులు కుచ్చులుగా వేలాడుతున్నాయి. ఒక ఆదివారం నిఖిత వాటిని రంగుల వారీగా లెక్కపెట్టింది. డెబ్బై ఒక్క దారాల్లో ముప్పై తొమ్మిది ఎర్రవి.

"అమ్మా, ఇన్నొద్దులు నాకు లెక్కలే రావనుకున్న. నాకు రానిది మైనస్ ఒక్కటే."

అప్పటి నుంచి ఆ పిల్ల పద్ధతి మారింది. వరస మారేటప్పుడల్లా పెన్ను ఆపి, ముందున్న గుర్తు మీద వేలు పెట్టి చూసుకుని, తర్వాతే కింది వరసకు దిగేది. ఎర్ర దారాలు తగ్గుతూ వచ్చాయి. తెల్లవి తగ్గలేదు.

తెల్లవాటికి వెంకటవ్వ ఇంకో పద్ధతి పెట్టింది. పొద్దున ఆమె ఆకు కత్తిరిస్తుంటే నిఖిత ఎదురుగా కూర్చుని ఆ లెక్కను నోటితో చెప్పాలి. తల్లికి ఒక్క ముక్క అర్థం కాదు. కానీ పిల్ల గొంతు ఎక్కడ నసిగితే అక్కడ కత్తెర ఆగేది. "ఈడ ఎందుకు మెల్లగైనవు? మల్ల చెప్పు" అనేది. పిల్ల మళ్ళీ చెప్పేది. మళ్ళీ అక్కడే నసిగేది. ఎందుకో తెలియకుండా బట్టీ పట్టిన చోటు అదేనని ఇద్దరికీ తెలిసిపోయేది. ఆ ముక్క మటుకు బడిలో సార్‌ను అడిగి రమ్మనేది.

నేనూ అక్కడే చాట పెట్టుకుని కూర్చునేదాన్ని. ఎక్స్ అంటే ఏంటని ఒకరోజు అడిగాను. తెలియని అంకె అవ్వా అంది నిఖిత. తెలియనప్పుడు దానికి పేరెందుకు అన్నాను. పేరు పెడితేనే కదా దొరుకుతుంది అంది. నా మూడో తరగతిలో అది రాలేదు. తర్వాత త్రికోణాల లెక్క వచ్చింది. దూరంగా నిలబడి, కోణం కొలిచి, స్తంభం ఎత్తు చెప్పాలట. పుస్తకంలో బొమ్మ చూసి ఆ పిల్ల ఎన్నిసార్లు చెప్పినా ఒకే చోట నసిగింది. వెంకటవ్వ విసుగెత్తి, ఆ స్తంభమేదో నాకు చూపించు అంది. నిఖిత మమ్మల్ని డాబా మీదికి తీసుకుపోయి, మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం చూపించింది. మనం ఇక్కడ, దాని మొదలు అక్కడ, దాని కొస పైన, ఇదీ త్రికోణం అని గాలిలో గీసింది. దాని మొదలు ఎంత దూరమో తెలిస్తే, తల ఎంత ఎత్తి చూస్తున్నామో తెలిస్తే, ఎక్కకుండానే ఎత్తు చెప్పవచ్చట.

"ఎక్కకుంటనే?" అంది వెంకటవ్వ. ఆ పొగగొట్టం నీడలో ఇరవై ఏళ్ళు బతికిన మనిషి, దాన్ని కొత్తగా చూసినట్టు చూసింది. ఈసారి పిల్ల ఎక్కడా నసగలేదు. కిందికి దిగాక ఆ తెల్ల దారం తెగింది.

జనవరిలో సురేందర్ సార్ నోటుబుక్కులు చూడడానికి అడిగితే నిఖిత తడబడి ఈ దారాల పుస్తకం ఇచ్చేసింది. అన్నీ కొట్టివేతలు, వేలాడే దారాలు. ఇదేం గలీజు అన్నాడట ముందు. తర్వాత ఏ దారం దేనికో చెప్పించుకున్నాడు. ఎవరు చెప్పారు ఇలా చేయమని అడిగితే మా అమ్మ అంది. ఏం చదివిందంటే ఏమీ చదవలేదు సార్, బీడీలు చేస్తది అంది. ఆయన ఆ పుస్తకం ఇంటికి తీసుకుపోయి, తెల్ల దారాలున్న ప్రతి లెక్క పక్కన పెన్సిల్‌తో మొదటి మెట్టు రాసి పంపాడు. మొదటి మెట్టు ఒక్కటే. మిగతాది నువ్వే చెయ్యమన్నాడట. మంచి మనిషి, నేను అనుకున్నంత ముక్కోపి కాదు.

అయినా అసలు పరీక్షకు ముందు బడిలో పెట్టిన పరీక్షలో ఎనభైకి అరవై ఒకటే వచ్చాయి. బడిలో వేసే ఇరవై కలిపినా ఏ వన్‌కు చాలవు. అసలు పరీక్షకు ఇంక నెలే ఉంది. నిఖితకు అన్నం సహించలేదు. పుస్తకంలో లెక్కలన్నీ మొదటి నుంచి మళ్ళీ చేస్తానంటూ రాత్రీ పగలూ ఒకటి చేయబోయింది. నాకూ అదే సరి అనిపించింది, కానీ ఈసారి నోరు మూసుకున్నాను. మూయడం ఎంత కష్టమో నాకు తెలుసు.

వెంకటవ్వ బిడ్డను కూర్చోబెట్టి, తెగకుండా మిగిలిన దారాలెన్ని అని అడిగింది. నలభై మూడు.

"వచ్చినయి మల్ల మల్ల చేస్తె ఏమొస్తదే? మంచి బీడీ మల్ల విప్పుతమా? గీ నలభై మూడే చెయ్యి. కొత్తయి వద్దు."

"బయటి నుంచి వేరేవి వస్తె ఎట్లమ్మా?"

"గివి పోతె, వేరేటియి నువ్వే చూసుకుంటవు. పొద్దుగూకినంక పండుకో."

తొమ్మిదింటికల్లా దీపం ఆర్పించేది. నెల రోజుల్లో నలభై ఒక్క దారాలు తెగాయి. పరీక్షకు పోయేనాటికి రెండు తెల్లవి మిగిలాయి. వాటికోసం ఆ పొద్దున నిఖిత ఏడవబోతే, రెండింటికి ఎవరూ ప్రాణం తీయరని జడ వేసి పంపింది.

మే నెలలో ఫలితాలొచ్చాయి. సురేందర్ సారే ఫోను చేశాడు. ఫోను చెవి నుంచి తీయకుండానే నిఖిత కొంగు పట్టి తల్లిని లాగింది. అన్నీ ఏ వన్. లెక్కలు ఏ వన్. గల్లీ అంతా అరుగు ముందు పోగైంది. వెంకటవ్వ చేతిలో ఆకు అలాగే ఉంది.

"ఏ వన్ అంటె ఎన్ని?" అంది.

"తొంభై ఒకటి మీద, నూరు లోపట."

"ఎన్ని తప్పినయి మరి?"

"గది చెప్పరమ్మ. గ్రేడే ఇస్తరు."

"తెల్వకుంటె ఎట్ల? బాసర పోయినంక మల్ల గవే తప్పుతయి గద."

ఇంక నావల్ల కాలేదు. "ఏందే నీ తప్పులు" అని కసిరి, ఇంట్లోకి పోయి గుప్పెడు చక్కెర తెచ్చి ముందు పిల్ల నోట్లో, తర్వాత ఆమె నోట్లో పోశాను. చక్కెర నోట్లో ఉండగానే ఏడ్చింది వెంకటవ్వ. ఇరవై ఏళ్ళలో ఆమె ఏడవడం అదే చూశాను. ఆ సాయంత్రం తల్లీబిడ్డలు దాచిపెట్టుకున్న ప్రశ్నపత్రం ముందేసుకుని కూర్చున్నారు. రెండు మార్కులది ఒకటి, నాలుగు మార్కులది ఒకటి పోయి ఉంటాయని తేల్చాకే లేచారు. బాసర జాబితాలో నిఖిత పేరు వచ్చింది. కృష్ణ భీవండి నుంచి వచ్చి బిడ్డను దింపిపోయాడు.

జూన్‌లో పెంటవ్వ తన మనుమరాలు హర్షిణిని వెంటబెట్టుకుని నా గుమ్మం ఎక్కింది. ఆ పిల్లది పదో తరగతి. గల్లీలో చదువు సలహా అంటే నేనే కదా. వెంకటవ్వ కూడా ఎవరడిగినా, అంతా పెద్దవ్వే చూసుకుంది, గైడు ఆమె దగ్గరే ఉండేది అని చెబుతోందట. వంద సంగతి బయట పెట్టలేదు. ఆ ఏడాది పొడుగునా ఒక్కసారి కూడా నా మొహాన అనలేదు. రోజుకు ఎన్ని చేయమనాలి వదినా అని పెంటవ్వ అడిగింది. జవాబు నాలుక చివర్న ఉంది. నా పేరు నిలబెట్టుకోవడానికి పెద్ద కష్టం కూడా లేదు.

"నన్నడగకు పెంటవ్వా," అన్నాను. "నిఖితకు దినాం వంద చెయ్యమన్నది నేనే. గందుకే ఇరవై తొమ్మిది వచ్చినయి. వెంకటవ్వ ఇంట్లనే ఉన్నది, పిల్లను తోల్కొని ఆడికి పో."